పేరుపడ్డవాళ్ల తరఫున

ఎబనేజర్ స్క్రూజ్ చివరికి మారాడు. చార్లెస్ డికెన్స్ ఆ కథ రాసిందే అది చెప్పడానికి. 1843 డిసెంబరు 19న లండన్‌లో ‘ఎ క్రిస్మస్ కేరల్’ వెలువడింది. అచ్చువేసిన 6,000 ప్రతులు పండుగలోపే అయిపోయాయి. కథ మొదట్లో స్క్రూజ్ పరమ లోభి. చలికి గుమాస్తా వేళ్లు కొంకర్లు పోతున్నా ఇంకో బొగ్గుముక్క వాడుకోనివ్వడు. బొగ్గు డబ్బా తన గదిలోనే పెట్టుకుంటాడు. పేదల కోసం చందా అడగవచ్చినవాళ్లను వట్టి చేతులతో తిప్పి పంపుతాడు. ఆ రాత్రి ఆత్మలు వచ్చి గడిచిన బతుకునూ, నడుస్తున్న బతుకునూ, రాబోయే దిక్కులేని చావునూ చూపిస్తాయి. తెల్లారేసరికి మనిషి మారిపోతాడు. అంగడిలో ఉన్న అన్నిటికన్నా పెద్ద టర్కీ కోడిని కొని, ఎవరు పంపారో చెప్పకుండా గుమాస్తా ఇంటికి పంపిస్తాడు. జీతం పెంచుతాడు. గుమాస్తా కొడుకు, ఆ జబ్బుపిల్లవాడు టిమ్‌కు రెండో తండ్రి అవుతాడు.

ఇంగ్లీషువాళ్లు ఆ కథను ఏటా చదువుతారు, నాటకం వేస్తారు, సినిమా తీస్తారు. చివర్లో కళ్లు తుడుచుకుంటారు. అయినా వాళ్ల వాడుకలో స్క్రూజ్ అంటే ఇప్పటికీ పిసినారే. లోభం వదిలి పదిమందికి పెట్టడం మొదలుపెట్టినవాణ్ణి చూసి ‘స్క్రూజ్ అయ్యాడు’ అని ఎవరూ అనరు. పుస్తకం చివరిదాకా చదివినవాళ్లు కూడా నోటితో మొదటి పేజీనే అప్పజెబుతారు.

మనుషుల్లోని చెడ్డగుణాల గురించి ఇంగ్లీషులో ఉన్న నానుడులంటే నాకు చాలాకాలంగా ఇష్టం. పదిమంది నవ్వుకుంటున్నచోటికి వచ్చి ఉత్సాహం చల్లార్చేవాణ్ణి ‘వెట్ బ్లాంకెట్’, తడిసిన దుప్పటి అంటారు. పెద్దరికం ఒలకబోస్తూ లోపల ఏమీ లేనివాణ్ణి ‘స్టఫ్డ్ షర్ట్’, కూరి నింపిన చొక్కా అంటారు. రెండే ముక్కల్లో మనిషి కళ్లముందు నిలబడతాడు. ఈ మాటలు ఎక్కడ పుట్టాయో వెతుక్కుంటూ వెళ్తే మాత్రం ఇష్టంతోపాటు ఇంకో సంగతి మనసుకు పట్టింది. వీటిలో చాలామటుకు ఒక మనిషి మీద మోపిన నేరాన్ని శ్రద్ధగా దాచి ఉంచుతాయి. అతను తన తరఫున చెప్పుకోగలిగింది మాత్రం ఎక్కడో జారవిడుస్తాయి. పేరు మిగులుతుంది, సంగతి పోతుంది. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ పోయిన సంగతుల కోసం.

ఇది ఇంగ్లీషుకు ఒక్కదానికే అంటిన గుణం కాదు. కెప్టెన్ కార్ అనే సైనికాధికారి మన సామెతలను పోగుచేసి 1868లో మద్రాసులో అచ్చువేశాడు. ఆయన పుస్తకం తిరగేస్తే రెండు భాషల జనం ఒకే రకం మనుషులను ఒకే రకంగా ఈసడించుకున్నారని తెలుస్తుంది. మనకూ గోముఖ వ్యాఘ్రాలున్నాయి, గడ్డివాము దగ్గర కాపలా కాసే కుక్కలున్నాయి. మనకు ఉత్తరకుమారుడూ ఉన్నాడు.

ఉత్తరుడి విషయంలో మన నోరు చేసిన అన్యాయం చిన్నది కాదు. వానల కోసం విరాటపర్వం చదివించే ఊళ్లు మనవి. అందులో ఉత్తరుడు అంతఃపురంలో ఆడవాళ్ల ముందు బీరాలు పలికి, కౌరవసేన కనబడగానే రథం దూకి పారిపోవడం పిల్లలకు కూడా తెలుసు. ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది. ఆ తర్వాత జరిగింది ఎంతమందికి గుర్తుంది? పారిపోతున్న ఉత్తరుణ్ణి అర్జునుడు పట్టి తెచ్చి ధైర్యం చెప్పి పగ్గాలు చేతికిచ్చాడు. భీష్ముడూ ద్రోణుడూ కర్ణుడూ కురిపించిన బాణాల మధ్య ఆ యుద్ధమంతా రథం తోలింది ఉత్తరుడే. అక్కడితో కూడా అయిపోలేదు. కురుక్షేత్రంలో మొదటిరోజే ఏనుగెక్కి శల్యుడి మీదికి వెళ్లాడు. శల్యుడి రథపు గుర్రాలు నాలుగూ ఆ ఏనుగు కాళ్లకింద పడి చచ్చాయి. శల్యుడు విసిరిన శక్తి తగిలి ఉత్తరుడు ఏనుగు మీదినుంచి కూలి అక్కడే ప్రాణం వదిలాడు. ఒక్కసారి భయపడిన కుర్రవాడు రెండుసార్లు నిలబడ్డాడు. రెండోసారి నిలబడటానికి ప్రాణమే ఖర్చయింది. వ్యాసుడు అంతా రాశాడు. మన వాడుక పారిపోయిన క్షణం దగ్గర ఆగిపోయింది.

కుంభకర్ణుడి పేరు చెబితే నిద్ర తప్ప మరొకటి తోచదు. సీతను ఎత్తుకురావడం తప్పని అన్న ముఖం మీద చెప్పింది ఆయనే. చెప్పి, అన్నను విడిచిపెట్టలేక, చస్తానని తెలిసీ యుద్ధానికి వెళ్లాడు.

బైబిల్లో దీనికి సాటి వచ్చేది తోమా కథ. ఏదీ ఓ పట్టాన నమ్మనివాణ్ణి ఇంగ్లీషులో ‘డౌటింగ్ థామస్’ అంటారు. యేసు తిరిగి లేచి శిష్యులకు కనిపించిన సాయంత్రం తోమా అక్కడ లేడు. మిగిలినవాళ్లు చెబితే, ఆ గాయాలు చూసి తాకితేగాని నమ్మనన్నాడు. కొంచెం నిదానంగా చదివితే ఒక సంగతి కనబడుతుంది. యేసు మిగిలినవాళ్లకు తన చేతులూ పక్కా చూపించాకే వాళ్లు సంతోషించారు. వాళ్లకు దొరికిన సాక్ష్యమే తోమా తనకూ కావాలన్నాడు. ఈ కథ ఉన్న సువార్తలోనే అంతకుముందు, యూదయకు వెళ్తే ప్రాణాలకే ముప్పు అని మిగిలినవాళ్లు జంకినప్పుడు, మనమూ వెళ్లి ఆయనతోపాటు చనిపోదామన్నది ఈ తోమాయే. ఆయన మన దేశం వచ్చి మైలాపూరు దగ్గర ప్రాణాలు విడిచాడని ఇక్కడి క్రైస్తవుల నమ్మకం. చెన్నైలో ఆయన పేరుమీద ఒక కొండా, సముద్రపు ఒడ్డున ఒక పెద్ద చర్చీ ఉన్నాయి. సందేహం పేరుతో గుర్తుండిపోయినవాడు నమ్మినదాని కోసం అంత దూరం వచ్చాడు.

కథల్లో మనుషుల గురించి ఇంత బాధ ఎందుకని మీరు అడగొచ్చు. నిజం మనుషుల దగ్గరికే వస్తున్నాను.

‘మ్యాడ్ యాజ్ ఎ హ్యాటర్’ అంటే టోపీలు చేసేవాడంత పిచ్చివాడు అని. పోటీపరీక్షలకు చదివే మన పిల్లలు ఈ మాటను ఒక ముక్కలో బట్టీపడతారు. ఈ నానుడి పుట్టిన చోటు మీద పండితుల్లో వాదాలున్నాయి. టోపీ పనివాళ్లకు వచ్చిన జబ్బు మీద మాత్రం వాదం లేదు. ఆ పని ఎలా జరిగేదో చూడాలి.

దొరలు పెట్టుకునే ఫెల్ట్ టోపీకి కావలసింది కుందేలు బొచ్చు. బొచ్చు నున్నగా ఉంటుంది, ఒకదానికొకటి పట్టుకోదు. అందుకని చర్మం మీద ఉండగానే దానికి పాదరసపు నైట్రేటు ద్రావణాన్ని బ్రష్షుతో పట్టించి ఆరబెట్టేవాళ్లు. వెంట్రుకల కొసలు క్యారట్ రంగుకు తిరిగేవి. ఆ పనికి ‘క్యారటింగ్’ అనే పేరు. మందు తగిలిన వెంట్రుక గరుకై, మెలికపడి, పక్క వెంట్రుకను పట్టుకుంటుంది. ఆ బొచ్చును గోపురంలా పోగుచేసి, మరిగే నీళ్లలో ముంచి, చేతులతో నలిపి నలిపి, దగ్గరికి అదిమి, ఆపైన అచ్చు మీద తొడిగి వేడితో సాపు చేసేవాళ్లు. చలిదేశం, తలుపులూ కిటికీలూ మూసిన గది, గది నిండా ఆవిరి. ఆ ఆవిరిలో పాదరసం. పొద్దున్నుంచి రాత్రిదాకా పీల్చింది దాన్నే.

కొన్నేళ్లకు చిగుళ్లు వాచి పళ్లు ఊడేవి. చేతులు వణికేవి. గ్లాసు నోటిదాకా తీసుకుపోలేకపోయేవాళ్లు, సంతకం చెయ్యలేకపోయేవాళ్లు. అమెరికాలో టోపీలకు పేరుమోసిన డాన్‌బరీ ఊళ్లో ఆ వణుకుకు ఊరి పేరే పెట్టారు, ‘డాన్‌బరీ షేక్స్’ అని. ఆ తర్వాత మనసు చెడేది. ఈ దశలో మనిషి మనం పిచ్చి అనగానే ఊహించుకున్నట్టు కేకలు వేస్తూ తిరగడు. సిగ్గుతో ముడుచుకుపోతాడు. ఎవరైనా తనను చూస్తున్నారంటే పని చెయ్యలేడు. కొత్తవాళ్లు ఎదురైతే మొహం కందిపోతుంది. చిన్నమాటకు చటుక్కున కోపం వస్తుంది, మరుక్షణం ఏడుపొస్తుంది, నిన్నటి సంగతి గుర్తుండదు. ఇంట్లోవాళ్లు అతని స్వభావం మారిపోయిందనుకుంటారు. మారింది స్వభావం కాదు, ఒంట్లో పేరుకున్న పాదరసం పని చేస్తోంది.

న్యూజెర్సీలో ఫ్రీమన్ అనే వైద్యుడు టోపీ పనివాళ్ల పాదరసపు జబ్బు గురించి 1860లోనే రాశాడు. అమెరికా టోపీ పరిశ్రమలో పాదరసం వాడకం ఆగింది 1941 డిసెంబరులో. మధ్యలో 81 ఏళ్లు. ఆ 81 ఏళ్లలో టోపీలు చేసినవాళ్ల పిల్లలూ మనవలూ అదే ఆవిరిలో పనిచేశారు. ఆ 81 ఏళ్లూ భాష మాత్రం ‘మ్యాడ్ యాజ్ ఎ హ్యాటర్’ అంటూనే ఉంది. యజమాని పేరు నానుడిలో లేదు. మందు పేరు లేదు. టోపీ పెట్టుకున్న దొర పేరూ లేదు. మిగిలింది పనివాడు, అతనికి అంటగట్టిన పిచ్చి.

ఇలాంటిదే ‘టోడీ’. పైవాళ్ల అడుగులకు మడుగులొత్తేవాణ్ణి ఇంగ్లీషులో అలా అంటారు. దాని పుట్టుక తెలిసినప్పటినుంచి నాకు ఆ మాట నోటికి రావడం లేదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు సంతల్లో దొంగవైద్యులు తిరిగేవాళ్లు. కప్ప విషమని జనం నమ్మే రోజులు. వైద్యుడి వెంట ఉండే కుర్రవాడు అందరి ముందూ కప్పను తినాలి, లేదా తిన్నట్టు నటించాలి. ఆపైన వైద్యుడు మందిచ్చి బతికించినట్టు చూపి సీసాలు అమ్ముకునేవాడు. కప్ప తినే ఆ కుర్రవాడే ‘టోడ్ ఈటర్’. కాలక్రమాన అది కుదించుకుపోయి ‘టోడీ’ అయింది. పొట్టకూటి కోసం కప్ప నోట్లో పెట్టుకున్న పిల్లవాడి పేరు తిట్టయింది. జనాన్ని మోసం చేసి డబ్బు సంచి నింపుకున్నవాడి మీద మచ్చ పడలేదు.

‘లూజ్ కానన్’ నాకు ఇంకొంచెం దగ్గరి మాట. తాళ్లు తెంపుకున్న ఫిరంగి. ఎప్పుడు ఏం మాట్లాడతాడో, ఎవరి మీద పడతాడో తెలియని మనిషి అని అర్థం. పాతకాలపు యుద్ధనౌకల్లో టన్నుల బరువున్న ఫిరంగులను చక్రాల బండ్ల మీద పెట్టి మోకులతో బిగించేవాళ్లు. తుఫానులో మోకు తెగితే ఆ ఇనుపముద్ద ఓడ ఊగినప్పుడల్లా ఈ గోడనుంచి ఆ గోడకు దొర్లి మనుషులను నలిపేది. విక్టర్ హ్యూగో 1874లో వచ్చిన ‘తొంభై మూడు’ నవలలో ఈ ఘట్టాన్ని ఒళ్లు జలదరించేలా రాశాడు. మోకు సరిగా బిగించనిది ఒక గోలందాజు. ఓడ చీలిపోయేలా ఉన్నప్పుడు ఒక ఇనుప కడ్డీ పట్టుకుని అతనే కిందికి దిగి, ప్రాణాలకు తెగించి ఆ ఫిరంగిని ఆపుతాడు. ఓడలో ఉన్న వృద్ధ సేనాని తన ముందుకు తెచ్చిన గోలందాజు రొమ్ము మీద శౌర్యపతకం తగిలిస్తాడు. వెంటనే, అజాగ్రత్తకు శిక్షగా, అతన్ని కాల్చెయ్యమంటాడు.

ఆ శిక్ష నాకు సమ్మతం కాదు. అయినా హ్యూగో ఒక సంగతి మరిచిపోలేదు, ఫిరంగి తనంతట తాను విప్పుకోలేదు, ఎవరో కట్టవలసినట్టు కట్టలేదు. నానుడి దాన్ని మరిచింది. కట్టవలసినవాడు మాయమై, నింద అంతా ఫిరంగి మీదే పడింది.

చాలా ఏళ్ల కిందట నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. మాతోపాటు కెమిస్ట్రీ చెప్పే మాస్టారు ఒకరుండేవారు. నెమ్మదైన మనిషి. బ్యాచికి 60 మంది పిల్లలు ల్యాబులో ఉండేవాళ్లు. ల్యాబుకు రెండు తలుపులు. వెనక తలుపుకు తాళం వేసి, దానికి అడ్డంగా విరిగిన బెంచీలు పేర్చారు. లోపల గ్యాసు సిలిండర్లు, స్పిరిటు దీపాలు, యాసిడ్లు. ఏదైనా జరిగితే పిల్లలు ఎటు పరిగెత్తాలండీ అని ఆయన ప్రతి స్టాఫ్ మీటింగులోనూ అడిగేవారు. గొంతు పెంచేవారు కాదు. ఒకనాడు కరస్పాండెంటు గారికి విసుగొచ్చి, అందరి ముందూ ఇంగ్లీషులో, ‘మీరొక లూజ్ కానన్ మాస్టారూ’ అన్నారు. మరునాటికల్లా ఆయన పేరు పోయి ‘కానన్ గారు’ మిగిలింది. ప్యూన్లు కూడా అదే అనేవాళ్లు. ఆ మాట స్థిరపడ్డాక ఆయన ఏం అడిగినా సమాధానం ఇవ్వవలసిన పని ఎవరికీ లేకపోయింది. ‘ఆయన సంగతి తెలిసిందే కదా’ అంటే సరిపోయేది. ఏడాది చివర ఆయన వేరే ఊరు వెళ్లిపోయారు. నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ తలుపు తెరుచుకోలేదు.

పేరు పెట్టడంలో ఉన్న సౌకర్యం ఇదే. తలుపు గురించి మాట్లాడవలసినచోట మనిషి గురించి మాట్లాడొచ్చు. ఈనాడు గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో, అమెరికా ఆఫీసుల్లో ఉద్యోగం చేసే మన పిల్లల వార్షిక సమీక్షల్లో ‘నాట్ ఎ టీమ్ ప్లేయర్’ అన్న మాట చూసినప్పుడల్లా నాకు ఆ మాస్టారు గుర్తొస్తారు. ఆ పిల్లో పిల్లవాడో ఏం అడిగితే ఆ మాట పడిందో కాగితం మీద ఉండదు.

‘బ్యాడ్ యాపిల్’ గతి ఇంకా విచిత్రం. కుళ్లిన ఒక్క పండు పీపాలోని పండ్లన్నిటినీ పాడుచేస్తుందని పాత సామెత. కుళ్లే పండు వదిలే ఎథిలీన్ వాయువు పక్క పండ్లను తొందరగా మగ్గిస్తుంది కాబట్టి అది నిజం కూడా. పీపా మొత్తం వెతికి చూడమని ఆ మాట హెచ్చరించేది. ఇప్పుడు ఏ సంస్థలో తప్పు బయటపడినా, ఎవరో ఒకరిద్దరు చెడ్డ పండ్లు, మిగతా పీపా బాగానే ఉందని చెప్పడానికి వాడుతున్నారు.

‘బ్లాక్ షీప్’ దగ్గర మాత్రం నేను కాస్త ఆగాలి, ఎందుకంటే ఆ నల్లగొర్రె మన నేల మీద కూడా మేసింది. ఇంటికి చెడబుట్టినవాణ్ణి ఇంగ్లీషులో కుటుంబపు నల్లగొర్రె అంటారు. ఐరోపా గొర్రెల్లో చాలా జాతులకు తెల్లరంగు బలమైన లక్షణం, నలుపు అణగి ఉండే లక్షణం. తెల్ల పొట్టేలుకూ తెల్ల గొర్రెకూ అప్పుడప్పుడు ఒక నల్లపిల్ల పుడుతుంది. అలా పుట్టాలంటే నలుపు వాటా తండ్రినుంచి ఒకటి, తల్లినుంచి ఒకటి రావాలి. అంటే తెల్లగా కనిపించే ఆ తల్లిదండ్రులిద్దరిలోనూ నలుపు దాగి ఉంది. పిల్లలో అది బయటపడింది, అంతే. ఇంట్లో ఒక బిడ్డను చెడబుట్టాడని వేరుచేసి చూసే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

మరి నలుపు తప్పెందుకైంది? నల్ల ఉన్నికి రంగు వెయ్యలేరు. రంగు పట్టని ఉన్నికి ఇంగ్లండు బజారులో ధర లేదు. గొర్రెలో లోపం లేదు, బేరంలో ఉంది. ఇప్పుడు మెదక్, మహబూబ్‌నగర్ వైపు రండి. అక్కడి దక్కనీ గొర్రెల్లో నల్లవే ఎక్కువ. కురుమలు ఆ ఉన్ని కత్తిరించి, ఏకి, వడికి, చింతగింజల గంజి పట్టించి గొంగడి నేస్తారు. రంగు వెయ్యరు. గొర్రె నలుపే గొంగడి నలుపు. వానకు తలమీద కప్పుకుంటే నీళ్లు జారిపోతాయి, చలికి చుట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, పొలం గట్టున పరుచుకుంటే పడక. పెళ్లిలో పరుస్తారు, దేవుడి ముందు పరుస్తారు. ఆ గొంగడి నేసే ఇంట్లో ‘నల్లగొర్రె’ అని ఎవరినైనా తిడితే ఆ తిట్టు అర్థమే కాదు. మాంసం గిరాకీ పెరిగి, ఉన్నిలేని ఎర్ర నెల్లూరు గొర్రెలు మందల్లో చేరాక నల్ల ఉన్ని తగ్గిపోయింది. గొంగడి నేసే చేతులూ తగ్గిపోయాయి. ఇంగ్లీషు నానుడి మాత్రం మన బడిపిల్లల పుస్తకాల్లోకి నడిచొచ్చి కూర్చుంది.

ఆడవాళ్లకు పడిన పేర్ల గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఇంగ్లండు చట్టంలో ‘కామన్ స్కోల్డ్’ అనే నేరం ఉండేది. వీధిలో నోరుపెట్టుకుని ఇరుగుపొరుగుకు శాంతి లేకుండా చేసే స్త్రీ అని దాని నిర్వచనం. శిక్ష, కుర్చీకి కట్టి చెరువులో ముంచడం. లెమ్‌స్టర్ అనే ఊళ్లో 1809లో ఒక స్త్రీని అలా ముంచారు. ఆ ఊరి చర్చిలో ఆ కుర్చీ ఇప్పటికీ ఉంది. ఇంటి చూరుకింద నిలబడి లోపలి మాటలు వినడం కూడా ఆ దేశంలో నేరమే. ‘ఈవ్స్‌డ్రాపర్’ అన్న మాటకు చూరే మూలం. ఈ రెండు నేరాలనూ 1967లో చేసిన ఒకే చట్టం రద్దు చేసింది. అంటే మనుషులు చంద్రుడి మీద కాలు పెట్టడానికి రెండేళ్ల ముందుదాకా గయ్యాళితనం ఇంగ్లండు చట్టపుస్తకంలో నేరంగానే ఉంది.

అమెరికాలో ఈ నేరం మోపింది ఎవరి మీదో చూడండి. ఆన్ రాయల్ అని ఒక రచయిత్రి. భర్త పోయాక ఆస్తి తగాదాలో అంతా పోగొట్టుకుని, ఊరూరూ తిరిగి చూసినవి పుస్తకాలుగా రాసి అమ్ముకుని బతికింది. మతం పేరుతో రాజకీయాల్లో వేలుపెట్టేవాళ్ల మీద నిర్భయంగా రాసింది. 1829లో వాషింగ్టన్‌లో ఆమె మీద ‘కామన్ స్కోల్డ్’ కేసు నడిచింది. నీళ్లలో ముంచే కుర్చీ కూడా తయారైంది. చివరికి కోర్టు 10 డాలర్ల జరిమానాతో సరిపెట్టింది. అప్పటికి ఆమెకు 60 దాటింది. రెండేళ్లకు ఆమె వాషింగ్టన్‌లోనే పత్రిక పెట్టింది. దానికి ఏం పేరు పెట్టిందనుకున్నారు? ‘పాల్ ప్రై’. అది 1825 నాటి ఒక ఇంగ్లీషు హాస్యనాటకంలో ప్రతివాళ్ల సంగతిలోనూ తలదూర్చే పాత్ర పేరు. ఇంగ్లీషులో ఊసుపోక ఆరా తీసేవాళ్లను అప్పటికే అలా పిలుస్తున్నారు. తన మీద విసిరే రాయిని చేతిలోకి తీసుకుని ఆమె పత్రికకు పేరుగా పెట్టుకుంది. ప్రభుత్వంలో ఎవరు ఏం తింటున్నారో ఆ పత్రికలో రాసింది. నాకు ఆమె మీద ఎనలేని గౌరవం.

మనకు సూర్యకాంతం గారున్నారు. 1924లో కాకినాడ దగ్గర పల్లెలో పుట్టి, 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’తో తెలుగువాళ్ల ప్రతి ఇంట్లోనూ అత్తగారైపోయిన మహానటి. గయ్యాళి పాత్రను ఎంత గొప్పగా వేశారంటే, ఆడపిల్లకు సూర్యకాంతం అనే చక్కటి పేరు పెట్టడానికే జనం వెనుకాడారు. ఆవిడతో పనిచేసినవాళ్లు చెప్పే మనిషి వేరు. షూటింగుకు ఇంటినుంచి రకరకాల వంటలు చేయించి తెచ్చి సెట్లో అందరికీ కొసరి కొసరి వడ్డించే చెయ్యి ఆవిడది. ‘గయ్యాళి’ అన్న మాటకు తెలుగులో మగవాడి కోసం వాడే జోడు మాట లేదు. ఇల్లంతా హడలిపోయేలా అరిచే మగవాణ్ణి మనం ‘ఆయనకు కాస్త కోపం ఎక్కువ’ అంటాం.

ఇదంతా చదివి, మరి చెడ్డగుణాన్ని చెడ్డగుణం అనొద్దా అని అడిగితే, అనమనే చెబుతాను. లోభి లోభే. చాడీలు చెప్పేవాడు ఊరికి చేటే. ఎలా అనాలన్నదే నా బాధ. మన తెలుగులో ‘ఎంగిలిచేత్తో కాకిని తోలడు’ అంటాం. ఎంత పదునైన మాట! చేతికంటిన మెతుకు కాకికి దొరుకుతుందేమోనని అదిలించడం కూడా మానుకునే మనిషి. ఆ మాటలో అతను చెయ్యని పని కళ్లకు కడుతుంది. రేపు అతను కాకిని తోలితే ఆ మాట దానంతట అదే వీగిపోతుంది. ఇంగ్లీషులో ‘బ్యాక్‌సీట్ డ్రైవర్’ అలాంటిదే. వెనక కూర్చుని తోలేవాడికి సలహాలివ్వడం ఒక పని. నోరు మూసుకుంటే ఆ పేరు పోతుంది. కష్టం వస్తే కనబడని స్నేహితుణ్ణి ‘ఫెయిర్ వెదర్ ఫ్రెండ్’ అనడమూ అంతే. తర్వాతి కష్టంలో వచ్చి నిలబడితే మాట చెల్లదు. చేసిన పనిని చూపించే మాటలు మనిషికి బయటపడే దారి ఉంచుతాయి. స్క్రూజ్, నల్లగొర్రె, టోపీవాడు, గయ్యాళి లాంటివి ఆ దారి మూసేస్తాయి. మొదటి రకం మాటలను నేను నిస్సంకోచంగా వాడతాను. రెండో రకానివి వాడటం మానేశాను.

ఈ తేడా అన్నిటికన్నా ముఖ్యమయ్యేది ఒకరి గురించి మరొకరు కాగితం మీద రాసేచోట. సర్కారీ కొలువుల్లో పైఅధికారి కిందివాడి మీద ఏటా రహస్య నివేదిక రాసే పద్ధతి మనకు ఇంగ్లీషువాళ్లనుంచే వచ్చింది. ఏళ్ల తరబడి ఉద్యోగికి తన మీద ఏం రాశారో తెలిసేదే కాదు. ప్రమోషన్ పోయాకే అనుమానం వచ్చేది. 2008 మే నెలలో దేవ్ దత్ అనే ఉద్యోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగి వార్షిక నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ, మంచిదైనా చెడ్డదైనా, అతనికి తెలియజేయాలనీ, దానిమీద అతను చెప్పుకునే వీలుండాలనీ తీర్పు చెప్పింది. మిలిటరీకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ప్రైవేటు కంపెనీలనూ, ప్రైవేటు కాలేజీలనూ ఆ తీర్పు కట్టడి చెయ్యదు. అక్కడ ఇతరుల మీద నాలుగు వాక్యాలు రాసే అధికారం చేతిలో ఉన్నవాళ్లకు నా విన్నపం ఇది. పేరు పెట్టకండి. ఏ రోజు, ఏ పని చూసి మీకు అలా అనిపించిందో రాయండి. ఆ మనిషి జవాబును కూడా అదే కాగితం మీద రాయనివ్వండి. మీ మీదే ఎవరైనా ఒక్కమాటలో అలా రాస్తే, ఏం చూసి రాశారని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి.